దగ్గరుండి పోయినాయన

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైనదాన్ని నేను. ఎవరి మాటలూ వినకూడదని అక్కడ గోడ మీద బోర్డుండేది. ఆ బోర్డు కిందే కూర్చుని అందరి మాటలూ విన్నాం. అందుకని, యాత్రల బస్సులో నా ముందు సీట్లో కూర్చున్న పెద్దమనిషి చరిత్ర సగం రోజులో నాకు కంఠతా వచ్చేసిందంటే అందులో వింతేమీ లేదు. పైగా గొంతు తగ్గించి మాట్లాడే అలవాటు ఆయనకి లేదు.

నీటి పన్నుల ఆఫీసులో సూపర్నెంటుగా చేశాడు. రిటైరై చాలాకాలమైనా ఆ సంగతి ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. బస్సు మీదికి సామాన్లెక్కిస్తుంటే కింద చేతులు కట్టుకుని నిలబడి, "నేను దగ్గరుండి చూసుకోకపోతే తాడు వదులుగా కట్టేస్తారయ్యా మీరు" అంటాడు. హోటల్లో దిగితే సరాసరి వంటగదిలోకి వెళ్ళి దగ్గరుండి కాఫీ కలిపిస్తాడు. రెండో ఊరు దాటేసరికి బస్సులో అందరూ చాటుగా ఆయన్ని 'దగ్గరుండిగారు' అనడం మొదలుపెట్టారు. ఆయన భార్య ఓసారి ఆ మాట విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పటినుంచీ నాకావిడంటే ఇష్టం కలిగింది.

మేమంతా నదిలో మునిగి, గుళ్ళు చూసి, ఫోటోలు తీసుకుని పోదామని వచ్చినవాళ్ళం. ఆయన వచ్చింది తన కర్మ తను చేసుకోవడానికి. ఆ నది ఒడ్డున, బతికుండగానే మన పిండం మనం పెట్టుకోవచ్చట. వెనక దిక్కులేనివాళ్ళ కోసం పెద్దలు చేసిన ఏర్పాటది. ఈయనకి నిక్షేపంలాంటి కొడుకున్నాడు, టైర్ల షాపు నడుపుతున్నాడు.

"వాడికి ఒక్క పనీ సవ్యంగా చెయ్యడం రాదండీ. నా కర్మ వాడి చేతిలో పెడితే పంక్చరు వేసినట్టు వేసి పంపించేస్తాడు. అందుకే నా బతుకులాగే నా చావు కూడా నేనే దగ్గరుండి చూసుకుంటున్నా" అని బస్సంతా వినబడేలా చెప్పాడు. వెనక సీటు ముసలాయన "ఎంత ముందుచూపండీ" అని మెచ్చుకున్నాడు కూడా. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదైనా కడుపు మండితే మనం 'నీ పిండాకూడు' అని తిడతాం. ఆ తిట్టుని తనకి తనే వడ్డించుకోవడానికి సూట్‌కేసు సర్దుకుని బయల్దేరిన మనిషిని అదే మొదటిసారి చూడ్డం.

నది ఒడ్డు ఊళ్ళో మమ్మల్ని దింపిన లాడ్జి, నదికీ రైలు స్టేషనుకీ మధ్య ఓ సందులో ఉంది. గదికీ గదికీ మధ్య ప్లైవుడ్ చెక్కలు. పక్కగదిలో దుప్పటి దులిపితే మా గదిలో దుమ్ము లేచేది. సాయంత్రం డాబా మీద బట్టలారేస్తుంటే సూపర్నెంటు భార్య నా పక్కకొచ్చి, చీర పిండుతూనే మొదలుపెట్టింది.

"వదినగారూ, మా చెల్లెలు ఇక్కణ్ణించి రైల్లో పూట ప్రయాణం. ఈ ఊరు వస్తున్నామంటేనే నేను బయల్దేరాను. లేకపోతే ఈయన పిండాలు చూడ్డానికి నాకేం సరదా?"

చెల్లెల్ని అందరూ పిట్ట అంటారట. చిన్నప్పుడు ఒక్క క్షణం నోరు మూసేది కాదట. ఇప్పుడు మంచంలో ఉంది, డాక్టరు ఇక లాభం లేదన్నాడు. రోజూ "అక్క ఏదీ, అక్క ఏదీ" అని అడుగుతోందని కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఈవిడకున్న కోరికల్లా ఒక్కసారి ఆ మంచం పక్కన కూర్చోవడం. దానికి అడ్డం ఒక శుభలేఖ.

పిట్ట కూతురి పెళ్ళి శుభలేఖలో ఈయన పేరు పక్కన 'హెడ్ గుమస్తా' అని అచ్చయింది. అప్పటికి ఈయన సూపర్నెంటై నెల దాటింది. పిట్ట మొగుడు ఇంటికొచ్చి, చేతులు పట్టుకుని, శుభలేఖలన్నీ మళ్ళీ అచ్చు వేయిస్తానన్నాడు. ఈయన చేతులు విడిపించుకుని, "నా హోదా తీసేసినవాళ్ళ గడప నేను తొక్కను. నువ్వూ తొక్కడానికి వీల్లేదు" అని భార్యకి ఆర్డరు వేశాడు. ఆ పెళ్ళికూతురికి పుట్టిన పిల్ల ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. మధ్యలో పిట్ట మొగుడు పోయాడు. అప్పుడూ పంపలేదు.

"ఎప్పుడడిగినా ఒకటే మాట వదినగారూ. నేను పోయాక వెళ్ళు అంటారు. ఇవాళ మళ్ళీ అడుగుతాను. ఇన్ని పుణ్యక్షేత్రాలు తిరిగొచ్చాం, కాస్తయినా మెత్తబడి ఉండరూ?" అంది.

మెత్తబడ్డాడో లేదో తెలుసుకోవడానికి నేను ప్రత్యేకంగా ప్రయత్నం చెయ్యక్కర్లేకపోయింది. వాళ్ళది మా పక్కగదే, ప్లైవుడ్ అన్నీ చెప్పింది.

"ఏమండీ, రేపు మీ కార్యం కాగానే మధ్యాహ్నం బండికి వెళ్ళి, ఎల్లుండి పొద్దున్నకల్లా వచ్చేస్తాను. బస్సు కదిలేలోపల ఇక్కడుంటాను."

"మొగుడి కర్మ పెట్టుకుని ఊళ్ళు తిరుగుతావా?"

"అది చచ్చిపోతోందండీ."

"అందరం చచ్చేవాళ్ళమే. రేపు నాది లేదూ? నీకెన్నిసార్లు చెప్పాలి? నేను పోయాక వెళ్ళు. అప్పుడు అడిగేవాడే ఉండడు."

తర్వాత ఆవిడ చెంబు తీసుకుని మంచినీళ్ళకి కిందికి దిగిన చప్పుడయింది. అంతలో ఫోన్ మోగింది. వాళ్ళిద్దరికీ ఒకటే ఫోను, అది ఆయన చొక్కా జేబులో పెన్ను పక్కన ఉండేది. "ఊ... ఎప్పుడూ?... ఊ... లేదు లేదు, ఆగొద్దు. కానిచ్చెయ్యండి" అన్నాడు. కొడుకు షాపు గురించి ఏదో అడుగుతున్నాడు కాబోలు అనుకున్నాను. ఒక పక్క మాట విని రెండో పక్క ఏమిటో చెప్పేయడం నా ఉద్యోగంలో పట్టుబడిన విద్య. ఆ రోజు అది పనికిరాలేదు.

పొద్దున్నే అందరం నది మెట్లు దిగాం. చావుకి ఇంత రద్దీ ఉంటుందని నేననుకోలేదు. కట్టెల అడితీల ముందు త్రాసులు, త్రాసుల ముందు బేరాలు. మెట్ల మీద పాడెలు వరసలో ఉన్నాయి, వాటి పక్కన బంధువులు ఫోన్లు చూసుకుంటున్నారు. ఒకాయన తన బామ్మగారి శవాన్ని కాస్త ముందుకి జరిపించుకోవడానికి సిఫారసు కోసం ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. మంటల పక్కనే ఒకతను తువ్వాళ్ళు అమ్ముతున్నాడు. నాకు భయమేస్తుందనుకున్నాను, ఏడుపొస్తుందనుకున్నాను. తీరా చూస్తే పొగ కళ్ళలో పడి చిరాకేసింది. ఎవరో చుట్టం ఇంటి పెళ్ళిలో భోజనాల దగ్గర కూడా నాకిలాగే అనిపిస్తుంది.

సూపర్నెంటు మాత్రం నదిని చూడగానే, పన్ను బకాయి ఉన్నవాణ్ణి చూసినట్టు చూశాడు. గుండు గీస్తున్న మంగలిని అద్దం అడిగాడు. అద్దం లేదంటే భార్యని వెనక నిలబెట్టి, "ఎక్కడైనా వదిలేస్తున్నాడేమో చూడు" అన్నాడు.

పంతులుగారు గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. జలుబు చేసింది కాబోలు, మంత్రానికీ మంత్రానికీ మధ్య ముక్కు చీదుకుంటున్నాడు. భార్య పక్కనే నిలబడి చేతిలో నీళ్ళు పోస్తుండాలి, ఆవిడ లేకుండా కార్యం కుదరదు అని ముందే చెప్పాడు. తాతగారి పిండం, తండ్రిగారి పిండం ఆకులో పెట్టాక, చివర సూపర్నెంటు పిండం పెట్టించాడు. సూపర్నెంటు ఆకు మీదికి వంగి చూశాడు.

"నాది చిన్నగా ఉందేమిటి?"

"అన్నీ ఒకటేనండీ."

"ఏం ఒకటి? మా నాన్న గుమస్తాగా పోయాడు. మా తాతకి ఉద్యోగమే లేదు."

పంతులుగారు ఇలాంటివాళ్ళని చాలామందిని పంపించినవాడిలా ఉన్నాడు. మారుమాట లేకుండా ఇంకో పిడికెడు అన్నం కలిపి పిండాన్ని పెద్దది చేశాడు. సూపర్నెంటు తృప్తిగా తలూపాడు.

ఆఖర్న మోకాలిలోతు నీళ్ళలో నిలబెట్టి చెప్పించాడు. "ఇల్లూ వాకిలీ, ఆలూ బిడ్డలూ, కోపం తాపం, అధికారం, అన్నీ ఈ నీళ్ళలో వదిలేస్తున్నాను. ఊ, చెప్పండి."

"అధికారం కూడా అనాలా?"

"అనాలండీ."

అన్నాడు. ఆ ఒక్క మాటా మెల్లిగా అన్నాడు. భార్య వంచి పోసిన నీళ్ళు ఆయన చేతిలోంచి నదిలోకి జారాయి. పంతులుగారు దర్భ ఉంగరం తీయించి, నీళ్ళలో పారేయించి, ఓసారి చీదుకుని, "అయిపోయిందండీ. శాస్త్రప్రకారం మీరు పోయినట్టే" అన్నాడు.

"పోయినట్టేనా పంతులుగారూ? ఏమీ మిగల్లేదు కదా?" అని అడిగిందావిడ.

"ఏం మిగుల్తుందే?" అన్నాడు సూపర్నెంటు, గుండు తుడుచుకుంటూ. "నేను దగ్గరుండి చేయించుకున్నాను. ఎవర్నైనా వంక పెట్టమను చూద్దాం."

ఆవిడ మెట్లెక్కి మా సామాన్ల దగ్గరికి వెళ్ళింది. తన చేతిసంచీ తీసుకుని మళ్ళీ దిగొచ్చింది. తడిచీర మీద శాలువా కప్పుకుంది.

"అయితే నేను వెళ్ళొస్తానండీ."

"ఎక్కడికి?"

"పిట్ట దగ్గరికి."

"ఎవరు వెళ్ళమన్నారు?"

"మీరే. మీరు పోయాక వెళ్ళమన్నారు కదా. ఇప్పుడే పోయారు. పంతులుగారు కూడా చెప్పారు."

ఆవిడ గొంతులో వెటకారం ఇసుమంత లేదు. అన్ని కాగితాలూ జతపరిచి ఆఫీసులో అర్జీ పెట్టుకున్న మనిషిలా నిలబడింది. పక్క మెట్టు మీద పాడె దింపుకుంటున్నవాళ్ళలో ఒకతను పకాలున నవ్వి, తను మోసుకొచ్చింది గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. నేను మాత్రం మూసుకోలేదు.

"అది... అదేదో మాటవరసకి అన్నది!" అన్నాడు సూపర్నెంటు.

"ఏది మాటవరసకండీ? వెళ్ళమనడమా, పోవడమా?"

ఆయన పంతులుగారి వంక చూశాడు.

"పోవడం మాటవరసకి కాదండీ. నేను విధిగా చేయించాను" అన్నాడు పంతులుగారు గబుక్కున. ఆయన భయం ఆయనది.

నా జన్మలో అంత హాయిగా చూసిన దృశ్యం లేదు. నేను బతికే ఉన్నాను అందామంటే, పెద్ద పిండం పెట్టించుకుని మరీ చేయించుకున్న కార్యం ఉత్త నాటకమైపోతుంది. పోయాను అందామంటే పెళ్ళాం చేజారిపోతుంది. రూల్సు పుస్తకాన్ని జీవితమంతా ఎదుటివాడి నెత్తిన పెట్టినవాడు, ఆ పుస్తకం తన నెత్తిన పడేసరికి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. బస్సువాళ్ళంతా చుట్టూ చేరారు. "వెళ్ళనివ్వండి సార్, పోయినవారికెందుకు?" అన్నాడు వెనక సీటు ముసలాయన.

అప్పుడు సూపర్నెంటుకి రోషం వచ్చింది. నలుగురిలో ఓడిపోవడం కంటే ఆయనకి మరేదైనా నయమే.

"వెళ్ళి ఎవర్ని చూస్తావే? ఏముందక్కడ? మీ చెల్లెలు నిన్న సాయంత్రమే పోయింది!"

నవ్వులన్నీ ఆగిపోయాయి. ఆవిడ సంచీ రెండు చేతులతో గుండెకి ఆనించుకుంది.

"ఎవరు చెప్పారు?"

"వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. నువ్వు నీళ్ళకి వెళ్ళినప్పుడు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? పెద్దమ్మ వచ్చేదాకా ఉంచమంటారా అని అడిగింది. ఆగొద్దు, కానిచ్చెయ్యండి అన్నాను. ఈపాటికి అయిపోయి ఉంటుంది."

ప్లైవుడ్ అవతల నేను విన్న మాట అది. నేను మెట్టు మీద కూలబడ్డాను.

"నాకెందుకు చెప్పలేదండీ?" అందావిడ.

"చెప్తే ఏడుస్తావు. ఏడుస్తూ పక్కన నిలబడితే కార్యం ఎలా జరుగుతుంది? తర్వాత చెబుదామనే అనుకున్నాను. ఇదిగో, చెప్పాను కదా!"

పంతులుగారు గొడుగు వదిలేసి లేచాడు. "అయ్యో, అదేం పనండీ! తోడబుట్టింది పోతే ఆవిడకి మైల ఉండదూ? మైల మనిషి పక్కన నిలబడి నీళ్ళు పోస్తే ఈ కార్యం చెల్లదండీ!"

"చెల్లదా?"

"చెల్లదు. చెయ్యనట్టే లెక్క."

సూపర్నెంటు మొహంలో ఓ క్షణం కోపం, ఆ వెంటనే ఏదో వెలుగు. గుండు మీది నీటిచుక్కలు ఇంకా ఆరలేదు. "అయితే నేను పోలేదన్నమాట!" అని అరిచాడు. "విన్నావా? పంతులుగారే అంటున్నారు! నేను పోలేదు! నేనున్నాను! నేనున్నంతకాలం నువ్వెక్కడికీ వెళ్ళడానికి వీల్లేదు!"

నది ఒడ్డున పొద్దుటినుంచీ ఎన్నో ఏడుపులు విన్నాను. అన్నిటికన్నా ఆ సంతోషం వినడమే నాకు కష్టమైంది.

"లేదండీ, మీరు పోలేదు. పోయింది మా పిట్ట" అందావిడ.

సంచీ నా ఒళ్ళో పెట్టి, శాలువాతోనే నీళ్ళలోకి దిగింది. పెళ్ళై వేరే గోత్రంలోకి వెళ్ళిన అక్కకి చెల్లెలికి నీళ్ళొదిలే అధికారం ఉందో లేదో పంతులుగార్ని అడగలేదు, ఆయనా చెప్పడానికి సాహసించలేదు. నడుంలోతులో నిలబడి దోసిలి పట్టింది. "పిట్టా! ఒసే పిట్టా! వచ్చానే!" అని పిలిచింది. దోసిలి వదిలింది. మళ్ళీ పట్టింది. మళ్ళీ పిలిచింది. ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు ఫోన్లు దించారు. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం నేను ఏడ్చాను, ఆ గుండు మీద ఓ రాయి తీసి వేద్దామన్నంత కోపంతో ఏడ్చాను.

ఆ రోజు చూడాల్సిన గుళ్ళని బస్సువాళ్ళకే వదిలేసి నేను ఆవిడతో స్టేషనుకి వెళ్ళాను. లాడ్జిలో చీర మార్చుకుని, ఆటోలో నా ఫోన్ తీసుకుని పిట్ట కూతురికి ఏ బండికి వస్తోందో చెప్పింది. బండి సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన సీటు దొరికింది. మంచినీళ్ళ సీసా కొనిచ్చాను. "మీకు శ్రమ ఇచ్చాను వదినగారూ" అంది, కళ్ళు తుడుచుకుని. తోడు వస్తానంటే వద్దంది. "వాళ్ళమ్మాయి స్టేషనుకొస్తుంది. దాన్ని చూస్తే పిట్టని చూసినట్టే ఉంటుంది" అంది.

గార్డు జెండా తీసేవేళకి సూపర్నెంటు ప్లాట్‌ఫాం మీద పరుగెత్తుకుంటూ వచ్చాడు. తడిపంచె కాళ్ళకి చుట్టుకుంటోంది, చొక్కా బొత్తాలు ఒకటికి బదులు ఇంకొకటి పెట్టుకున్నాడు. జేబులో పెన్ను మాత్రం సరిగ్గానే ఉంది.

"ఆగు, ఆగు, నేనూ వస్తాను!" అన్నాడు కిటికీ ఊచలు పట్టుకుని, రొప్పుతూ. "మనిషే పోయాక ఇంకా పట్టింపులేమిటి? పోయినవాళ్ళ మీద నేను కోపం పెట్టుకోను. నాకంత చిన్న మనసు లేదు. ఆ శుభలేఖ సంగతి ఇవాళ్టితో మాఫీ చేసేశాను."

ఆవిడ ఆయన్ని కాసేపు చూసింది. కోపంగా కాదు. ఏదో ఊళ్ళో దిగాల్సిన మనిషి పొరపాటున ఇంకో ఊళ్ళో దిగి, బోర్డు చదువుకుంటున్నట్టు చూసింది.

"వద్దండీ. మీరొస్తే మర్యాదలు చెయ్యాలి. ఆ ఇంట్లో మీకు మర్యాద చెయ్యాలని దారి చూసి చూసి ఆ మనిషి పోయింది. ఇప్పుడెవరు చేస్తారు?"

బండి కదిలింది. ఆయన ఊచలు వదలకుండా పక్కన నడుస్తూ, "మరి నా మాత్రలు? రేపు బస్సు కదుల్తుందే! దిగగానే తలమీదుగా స్నానం చెయ్యి, మైల!" అని ఒకదాని మీద ఒకటి చెబుతున్నాడు. ఆవిడ ఆయన వేళ్ళు నలక్కుండా ఒక్కొక్కటే ఊచ మీంచి విడదీసి, షట్టరు కిందికి దించేసింది.

బండి వెళ్ళిపోయాక ప్లాట్‌ఫాం మీద మేమిద్దరమే మిగిలాం. ఆయన చాలాసేపు పట్టాల వంక చూశాడు. కాస్తయినా బుర్రకెక్కిందేమో, ఇప్పుడైనా ఏడుస్తాడేమో అని నేను ఆశపడ్డమాట నిజం. ఆయన నా వైపు తిరిగాడు. ఆ కళ్ళలో ఉన్నది ఫిర్యాదు.

"చూశారుటండీ! ఎప్పుడొస్తుందో ఏమిటో, ఒక్క ముక్క చెప్పకుండా పోయింది. ఇంట్లో మనిషికి చెప్పాల్సిన మాట అలా చెప్పకుండా ఉంటారాండీ ఎవరైనా?" అని నన్ను నిజంగానే అడిగాడు.